దొరగారి మునిమనవడు

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. బంగారు గనుల ఊరు మారికుప్పం నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో పోయి వచ్చేవాళ్ళకు ఒక గ్రూపు ఉంది. నేను రిటైరై చాలాకాలమైనా అందులోంచి బయటికి రాలేదు. ఎక్కాల్సిన పని లేని రైలు ఎంత లేటో తెలుసుకోవడం నాకొక కాలక్షేపం. ఆ పొద్దున రైలు సంగతికి బదులు ఆయన ఫోటో వచ్చింది. గళ్ళ టై, దువ్విన మీసం, కెమెరా కూడా తనను కిందినుంచే చూడాలన్నట్టు పైకెత్తిన గడ్డం. కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టి, మళ్ళీ మనసొప్పక తీసేశాను.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని మా ఆవిడ సరోజ పట్టు. మాట్లాడడానికి నాకూ అభ్యంతరం లేదు, ఉంటే. కాఫీ చల్లారేదాకా కూర్చుని వెతికాను. బూట్లు ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి. అంతవరకు ఒప్పుకుంటాను.

నేను ఛాంపియన్‌లో ఎక్కేవాణ్ణి. తర్వాతి స్టేషన్ ఊరుగాంలో ఆయన ఎక్కేవాడు. ఎంత ఎండాకాలమైనా కోటు, చేతిలో పొడుగాటి గొడుగు. కిటికీ పక్క సీటు ఆయనదని ఎవరూ రాసివ్వలేదు. కానీ అందులో ఎవరైనా కూర్చుని ఉంటే వాళ్ళ ఎదురుగా నిలబడి, గొడుగు మొన నేలకు ఆనించి, ఏమీ మాట్లాడకుండా గట్టిగా గాలి పీల్చి వదిలేవాడు. కొత్తవాళ్ళు టికెట్ కలెక్టర్ అనుకుని లేచిపోయేవాళ్ళు. అప్పుడు జేబురుమాలుతో సీటు తుడిచి, మురికి లోపలికి పోయేలా రుమాలు మడిచి, మళ్ళీ అదే జేబులో పెట్టుకునేవాడు. మురికి మాది, జేబు ఆయనది.

చలికాలంలో మాలూరు దగ్గర పొలాల మీద మంచు పట్టి ఉంటే, కిటికీలోంచి చూసి, "అచ్చం మా స్కాట్లాండే" అని ఇంగ్లీషులో నిట్టూర్చేవాడు. చిరుజల్లు పడితే స్కాట్లాండ్. గొర్రెల మంద కనబడితే స్కాట్లాండ్. రైలు కాస్త ఎత్తు మీద నడిచినా స్కాట్లాండే. ఆయన స్కాట్లాండ్ ముఖం చూసినవాడు కాడు. బెంగళూరులో ఒక మందుల కంపెనీ గోడౌన్‌లో సూపర్‌వైజరు. పాస్‌పోర్ట్ మాత్రం చేయించుకుని, కోటు లోపలి జేబులో పెట్టుకు తిరిగేవాడు. దాని మీద ఒక్క ముద్రా పడినట్టు నేను చూడలేదు.

అన్నిటికంటే నా ఒళ్ళు మండించింది ఆయన "మేము" అనే మాట. సైనైడ్ దిబ్బలు కనబడగానే అది మొదలయ్యేది. గనిలోంచి తీసిన రాయిని పొడిచేసి, బంగారం లాగేసుకున్నాక పారబోసిన మట్టి కొండలవి. గాలి లేచిందంటే ఊరంతా కళ్ళు నలుపుకుంటూ కూర్చోవాలి. ఆయనకు మాత్రం వాటిని చూస్తే ఛాతీ పొంగేది.

"మేము వచ్చినప్పుడు ఇక్కడ ఏముంది, ముళ్ళకంపలు తప్ప? మేమే గనులు తవ్వాం. మేమే కరెంటు తెచ్చాం. రైలు వేసిందీ మేమే."

తవ్వింది మా తాత. చిత్తూరు వైపు పల్లెలోంచి కరువుకు వచ్చి, గనిలోకి దిగి, రాతిపొడి పీల్చి పీల్చి, చివరికి గోడకు ఆనుకుని కూర్చుంటే తప్ప నిద్రపట్టని స్థితిలో పోయాడు. ఈయన ముత్తాత పైన నిలబడి గడియారం చూసుకున్నాడు. షిఫ్టు దిగి పైకి వచ్చినప్పుడల్లా బంగారం దాచాడేమోనని గేటు దగ్గర మా తాత బట్టలు విప్పించి వెతికేవాళ్ళు. బంగ్లాల్లో కరెంటు దీపాలు వెలుగుతుంటే కూలీల లైన్లలో కిరసనాయిలు బుడ్డి. కింద ఎక్కడో రాయి పేలిందంటే ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని గని మూతి దగ్గరికి పరిగెత్తి, పైకి వచ్చే ఒక్కో ముఖాన్నీ చూస్తూ నిలబడేవాళ్ళట. ఇవన్నీ మా నాన్న నోట విన్నవి. ఒకసారి ఉండబట్టలేక ఆయనతో అన్నాను.

"దట్ ఈజ్ అన్‌ఫార్చునేట్" అని, సాండ్‌విచ్ పొట్లం విప్పుకున్నాడు.

సాండ్‌విచ్ అంటే రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో పూశారా లేదా అని అనుమానం వచ్చేంత పలచగా జామ్. దాన్ని ఊగే రైల్లో ఫోర్కుతో తినేవాడు. ఆ వేళకు మేమంతా డబ్బాలు తెరిచి చిత్రాన్నం, ఉప్పిట్టు, ఎవరింట్లోదో నిమ్మకాయ ఊరగాయ పంచుకునేవాళ్ళం. ఆయన ముందుకు చాపితే చెయ్యి అడ్డం పెట్టి, "మా ఫ్యామిలీకి కారం పడదు" అనేవాడు. కానీ ఊరగాయ మూత తీసినప్పుడు ఆయన గుటక మింగేవాడు. ఎదుటి సీటు నాదే కాబట్టి అది నాకు తెలుసు.

తెలుగు రాదని, మాతో అన్నీ ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. తమిళం, కన్నడం కూడా రావనేవాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి ఈ మూడింటిలో ఒక్కటీ రాకుండా ఉండడానికి ఎంత కష్టపడాలో ఆలోచించండి. ఒకరోజు బంగారుపేటలో జనం తోసుకుంటూ ఎక్కినప్పుడు ఎవరో ఆయన బూటు తొక్కారు.

"కండ్లు యాడ పెట్టుకోని ఎక్కుతా ఉండావురా, నీయబ్బ."

అంత చక్కటి మా ఊరి తెలుగు, ఎక్కడా తడుముకోకుండా, ఆయన నోట వచ్చింది. పెట్టె అంతా నవ్వు. ఆయన పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మాలూరు దాటేదాకా దించలేదు.

ఇక ఆ గళ్ళ టై. స్కాట్లాండ్‌లో ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళుంటాయని, ఇవి తన వంశం గళ్ళని చెప్పేవాడు. ఉంటే ఉండవచ్చు. కానీ సరిగ్గా ఆ గుడ్డతోనే మా అమ్మాయి చదివిన స్కూలు పావడాలు కుట్టేవాళ్ళు. రాబర్ట్‌సన్‌పేటలో అది అమ్మే దుకాణం నాకు తెలుసు. ఈ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. రోజూ పొద్దున్నే ఆ టైని చూసి లోపల్లోపల నవ్వుకోవడం నాకు అలవాటైంది. చెప్పేసి ఆ సుఖం ఎందుకు పోగొట్టుకోవాలి?

నన్ను ఇంటికి పిలిచింది ఒకే ఒక్కసారి, ప్రింటర్ చెడిపోతే. నేను టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి కాబట్టి తీగ ఉన్న ప్రతి యంత్రమూ నాకు తెలుసని ఆయన నమ్మకం. ఉండేది బంగ్లాలో అని చెప్పేవాడు. బంగ్లా నిజమే, కానీ దాని ముందు భాగం ఎప్పుడో కూలిపోయింది. ఆయన కాపురం వెనక వంటవాళ్ళకోసం కట్టిన రెండు గదుల్లో. ఒంటిమనిషి. తన స్థాయికి తగిన సంబంధం కుదరలేదని పెళ్ళి చేసుకోలేదు. గోడ నిండా ఒక పెద్ద చార్టు. అదీ వంశవృక్షం.

అందరికన్నా పైన ముత్తాత, గని యంత్రాలు చూడడానికి స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన పక్కన ఒక గీత. ఆ గీత చివర, భార్య పేరు ఉండాల్సిన చోట, "పోర్చుగీసు వంశపు స్త్రీ" అని ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. ఈవిడ ఎవరని అడిగాను. గోవా వైపు మంచి కుటుంబమని మా ఇంట్లో చెప్పుకునేవాళ్ళు అన్నాడు. అంటూ ప్రింటర్ వైపు చూశాడు.

చార్టు పక్కన ఒక పాత ఫోటో. మీసాల దొరలు మెట్ల మీద వరసలుగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకడి తల చుట్టూ ఎర్ర ఇంకు సున్నా.

"మా ముత్తాత" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"ముక్కు" అన్నాడు, వేలితో తన ముక్కు తాకి చూపిస్తూ.

అదీ ఆధారం. ఆ ఫోటోలో ఉన్న దొరలందరికీ ముక్కులు ఉన్నాయి.

తర్వాత ఉమ్మి సంగతి వచ్చింది. ఉమ్మి పంపిస్తే మన రక్తం ఏయే దేశాలదో చెప్పే కంపెనీలు విదేశాల్లో ఉన్నాయట. ఆయన గొట్టంలో ఉమ్మి, ఎవరి ద్వారానో పంపించాడు. ఫలితం వచ్చేదాకా రైల్లో మాకు వేరే మాట లేదు. వచ్చాక ఆ మాటే లేదు. మేము కావాలని కదిలిస్తే, ఆ యంత్రాలు వేడి దేశాల ఉమ్మికి సరిగ్గా పనిచెయ్యవని చెప్పి గొడుగు సర్దుకున్నాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఆయన ఒక తమాషా మనిషి, అంతే. ఇలాంటివాళ్ళు ప్రతి రైల్లో ఒకరుంటారు. నాకు ఆయనంటే నిజంగా అసహ్యం పుట్టింది నంగలి దగ్గర ఒక పల్లెలో.

అది సరోజ పుట్టినూరు. ఒక ఏడాది పెద్దల అమావాస్యకు వెళ్ళాం. ఆ రోజు ఆ వైపు ప్రతి ఇంట్లో పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులు వేసి వడ్డించి, కొత్తబట్ట పెట్టి, పేరు పేరునా లోపలికి పిలుస్తారు. పిలిచాక తలుపు దగ్గరికేసి అందరూ బయట నిలబడతారు. పెద్దలు వచ్చి తిని పోయాకే ఇంట్లోవాళ్ళ భోజనం. ఆ పక్కింటి గంగమ్మవ్వ, ముక్కుపొడుం డబ్బీ, నోటి నిండా కోడలి మీద ఫిర్యాదులు ఉన్న ముసలామె, పండగ వంట రుచి చూడమని నన్ను పిలిచింది. వాళ్ళ గదిలో రెండు ఆకులు విడిగా వేసి ఉన్నాయి. ఒకదాంట్లో రాగిముద్ద, ఉలవచారు. ఇంకోదాంట్లో బ్రెడ్డు, ఉడకేసిన గుడ్లు, చిన్న బ్రాందీ సీసా. దాని పక్కన పురుగులు కొట్టేసిన దొర టోపీ.

"ఇదెవురికి అవ్వా?" అని అడిగాను.

"మా దొర తాతకప్పా. ఆయన ముద్ద తినడంట, మా అమ్మ చెప్పింది. బ్రెడ్డు బంగారుపేట నుంచి తెప్పిస్తాము. ఈ ఏడు మా కోడలు తియ్య బ్రెడ్డు తెప్పించి పెట్టింది, తింటాడో తినడో."

రాగిముద్ద ఆకు ఆమె అవ్వ మునెమ్మది. మునెమ్మ చిన్న వయసులో గనుల దగ్గర ఒక దొర బంగ్లాలో ఊడవడానికి, వండడానికి చేరింది. దొర ఆమెను ఉంచుకున్నాడు. ఒక కొడుకు, ఒక కూతురు. దొరకు స్కాట్లాండ్‌లో పెళ్ళాం ఉందని మునెమ్మకు చాలా ఏళ్ళదాకా తెలీదు.

"మొగపిల్లోడు రవ్వంత తెల్లంగా ఉండాడంట. తీసకపోయి బెంగుళూరులో ఇస్కూల్లో ఏసినాడు, దొరల పేరు పెట్టి. మా అమ్మ నల్లంగా ఉండాదని ఇడిసిపెట్టినాడు. ఆయన ఊరికి పొయ్యే దినం మా అవ్వ మా అమ్మను సంకనేసుకోని బంగారుపేట టేసనుకు పోయిందంట. రైలెక్కేటప్పుడు నెత్తిన టోపీ తీసి చేతికిచ్చినాడంట. అంతే. ఇంగ కనపళ్ళేదు."

ఆ మాట చెబుతుంటే అవ్వ గొంతులో ఏడుపు లేదు, పక్కింటి గొడవ చెప్పినట్టు చెప్పింది. ఆమె బాధ వేరే. కూతురి తరఫువాళ్ళు ఆకు వెయ్యవచ్చు, వడ్డించవచ్చు. పిలవడం మాత్రం ఆ వంశపు మగవాడి నోటితోనే జరగాలి. అది వాళ్ళ ఇంటి కట్టు. మునెమ్మ పోయినప్పటి నుంచీ ఆ రెండు ఆకులూ పిలుపు లేకుండానే వేస్తున్నారు.

"దొర యాడికి పోతే నాకేమి. మా అవ్వ వాకిట్లోకి వచ్చి, పిలిచేవాళ్ళు లేక ఎనక్కి పోతా ఉండాదేమోనప్పా. బో రోసంగల మనిసి. పిలవని ఇంట్లో చెయ్యి కడగదు. ఆ మొగపిల్లోడి వంశం యాడుండాదో రవ్వంత చూడు. నేను పొయ్యేలోపల ఒకసారి వచ్చి పిలిస్తే చాలు."

దొర పేరు చెప్పింది. పిల్లవాణ్ణి వేసిన బడి పేరు చెప్పింది. రెండూ నేను రైల్లో రోజూ వింటున్నవే.

మర్నాడు రైల్లో ఆయనకు చెప్పాను. మనిషి ఎగిరి గంతేస్తాడనుకున్నాను. జీవితమంతా వెతుకుతున్న ముత్తాతకు ఒక ఇంట్లో ఏటేటా బ్రెడ్డు, బ్రాందీ పెడుతున్నారంటే ఎవరికైనా కళ్ళు చెమ్మగిల్లవా? ఆయన రుమాలు తీసి కిటికీ అద్దం తుడిచాడు.

"టోపీ లోపల తయారుచేసిన కంపెనీ పేరు ఉందా?" అన్నాడు.

"ఆ ముసలామె మీకు పెద్దమ్మ వరస అవుతుంది" అన్నాను.

"అంచు బాగుందా, చిరిగిందా?"

వెంటనే పోదామన్నాడు. కానీ ఆ టోపీని అమావాస్య రోజు తప్ప పెట్టెలోంచి తియ్యకూడదని, ఆ రోజే రావాలని అవ్వ కబురు పంపింది. ముసలామె గట్టిది. ఆ ఏడాదంతా ఆయన నన్ను టోపీ గురించే అడిగాడు. ఆమె పేరేమిటని ఒక్కసారి అడగలేదు.

అమావాస్య నాడు కారు మాట్లాడుకుని బయల్దేరాం. సరోజ ముందురోజే వెళ్ళింది. ఆయన పూర్తి సూటు, గళ్ళ టై, మెడలో కెమెరా. ములబాగిలు దగ్గర డ్రైవరు, కురుడుమలె వినాయకుడికి ఒక టెంకాయ కొట్టి వస్తానంటే, అద్దాలు ఎత్తుకుని కార్లోనే కూర్చుని చెమటలు కక్కాడు.

అవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. ఆయన దిగీ దిగగానే రెండు చేతులతో ముఖం పట్టుకుని, కళ్ళ దగ్గరికి లాక్కుని చూసింది.

"మా అవ్వ ముక్కే" అంది. "మా అమ్మకూ ఇదే ముక్కు. మా ఇంటి ముక్కు ఎక్కడికీ పోలేదు."

నాకు ఆ ఎర్ర ఇంకు సున్నా గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను. ఆయన ముఖం విడిపించుకుని, రుమాలుతో తుడుచుకున్నాడు. కోడలు కుర్చీ తెస్తే, అదీ తుడిచి కూర్చున్నాడు. మజ్జిగ తెస్తే ముట్టలేదు. ఆమెకు చెప్పమని నాతో ఇంగ్లీషులో ఒక సంగతి చెప్పాడు. తాను విదేశాల నుంచి కాగితాలు తెప్పించుకుని తెలుసుకున్నాడట. దొర ఇక్కడి నుంచి వెళ్ళాక పెళ్ళాంతో హాయిగా ఉండి, బాగా ముసలివాడయ్యాకే చనిపోయాడట. దొర రైలెక్కిన ఏడాదే మునెమ్మ ఆకు వెయ్యడం మొదలుపెట్టిందని నా నోటే విన్నాడు కాబట్టి వీళ్ళు బతికున్నవాడికి పిండం పెట్టారని ఆయన కనిపెట్టిన విషయం. చెబుతూ చిన్నగా నవ్వాడు.

నాకు చెప్పబుద్ధి కాలేదు. కానీ అవ్వ వదల్లేదు, ఏమంటాడు, ఏమంటాడు అని నా మోచెయ్యి పట్టుకుని లాగింది. చెప్పాను. ఊరు విడిచి పోయినవాళ్ళ గురించి ఎవరూ కబురు చెప్పకపోతే ఇళ్ళల్లో ఏం చేస్తారు? మళ్ళీ రానివాణ్ణి పోయినవాడి కిందే లెక్కవేసుకుంది మునెమ్మ.

అవ్వ పొడుం డబ్బీ తీసింది.

"బతికున్నోడికి పెట్టినామా. అయితే ఆయన అంత దినాలు బతికింది మా అవ్వ కూడు తిని" అంది.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు.

గదిలో ఆకులు వేసి ఉన్నాయి, దీపం వెలుగుతోంది. అవ్వ ఆయన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆయన మోకాళ్ళ మీద వంగి టోపీని నాలుగు వైపులా తిప్పి ఫోటోలు తీసుకున్నాడు. తీసుకోనిచ్చింది.

"టోపీ నీదే నాయనా, తీసకపో. మేము ఏం చేసుకుంటాము. ముందర ఒకసారి పిలువు. అవ్వా రా, తాతా రా అను, చాలు."

ఆయన నావైపు తిరిగి, తాను క్రైస్తవుడినని, ఇవన్నీ తన మతానికి విరుద్ధమని చెప్పమన్నాడు. అవ్వకు అర్థమైంది.

"దండం పెట్టొద్దులే. మీ దేవుడు ఒద్దంటే ఒద్దు. సుమ్మనే, ఊరికినే పిలువు. అవ్వను అవ్వా అంటే ఏ దేవుడికి కోపమప్పా?"

ఆయన కెమెరాకు మూత పెట్టుకున్నాడు. ఆమె ఆయన మోచెయ్యి నిమురుతూ, బడికి పోనని మారాం చేసే పిల్లవాణ్ణి బుజ్జగించినట్టు, తాత ఒద్దులే, అవ్వను ఒక్కదాన్నే పిలువు, ఒక్క మాట అంది. సరోజ కూడా గడప దగ్గర నిలబడి, పిలవండి సార్, పెద్దామె అడుగుతోంది కదా అంది. అప్పుడు ఆయన మెడ దాకా ఎర్రబడ్డాడు. ఏళ్ళ తరబడి రైల్లో రాని తెలుగు మళ్ళీ వచ్చింది.

"ఆమె మా వంశంలో లేదు. ఆమె పనిమనిషి."

నాకు చెయ్యెత్తాలనిపించింది. అవ్వ మాత్రం ఆయన మోచేతి మీది నుంచి చెయ్యి తియ్యలేదు.

"పనిమనిసే నాయనా" అంది. "ఆ పనిమనిసి కడుపున పుట్టినోడి మనవడివే కదా నువ్వు."

ఆయన టోపీ తీసుకున్నాడు. ఆకు పక్కన ఉన్నదాన్ని, వంగి, రెండు చేతులా ఎత్తుకుని, నెత్తిన పెట్టి చూసుకుని, పట్టుకుని బయటికి నడిచాడు. వచ్చే ఏడు వస్తానని కారు దగ్గర నిలబడి ఇంగ్లీషులో అన్నాడు. నేను తెలుగులో చెబితే అవ్వ ఆ మాటను నమ్మిందనుకుంటాను. ఏటా అమావాస్య ముందు సరోజకు ఫోన్ చేసి, ఆ పిల్లోడు వస్తాడేమో కనుక్కో అనేది.

నేను ఆయన కారులో తిరిగి రాలేదు. బస్సెక్కి వచ్చాను. మర్నాటి నుంచి ఆయన రైల్లో వేరే పెట్టెకు మారాడు. ప్లాట్‌ఫాం మీద ఎదురుపడితే గొడుగు ఎత్తి పలకరించేవాడు. నేను రైలు ఎంత లేటో బోర్డు మీద చూసుకునేవాణ్ణి. అవ్వ అడిగినప్పుడల్లా ఒక పెట్టె ఇవతల నిలబడి ఆయనకు కబురు చెప్పాను. "ఈ ఏడు తీరిక లేదు, మై గుడ్ మ్యాన్" అనేవాడు. ఆదివారాలు ఆ టోపీ పెట్టుకుని ఊరుగాం గోల్ఫు మైదానం వైపు నడవడానికి మాత్రం తీరిక ఉండేది.

ఆయన్ను తలుచుకుంటే జాలేస్తుందని సరోజ అంటుంది. ఏ మేనమామా, పినతండ్రీ లేకుండా ఒంటిగా గోడ మీద కాగితం చూసుకుంటూ బతికాడు, పాపం అంటుంది. నాకు జాలి లేదు. ఒంటితనం ఆయనకు ఎవరూ తెచ్చిపెట్టలేదు. గడప దగ్గర ఒక ఇంటినిండా మనుషులు నిలబడి రమ్మంటే, ఒక్క మాట అనడానికి నోరు రాక, టోపీ పట్టుకుని పోయాడు.

సమాధి చేసే వేళ, చోటు గ్రూపులో పెట్టారు. నేను పోలేదు. కానీ అవ్వకు చెప్పే పని నాకు తప్పలేదు. ఫోన్‌లో చెప్పే మాట కాదు కాబట్టి వెళ్ళాను. ఆమెకు చూపు బాగా తగ్గింది. మంచం మీద కూర్చుని గొంతును బట్టి నన్ను గుర్తుపట్టింది. చెప్పగానే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"పిల్లోళ్ళు?"

"లేరవ్వా. పెండ్లి చేసుకోలేదు."

"అన్నదమ్ములు?"

"ఎవురూ లేరు. ఆయనే ఆకరు."

"అయితే ఆ వంశంలో మొగోడు లేడు ఇంగ."

"లేడు."

ఆమె కోడల్ని కేకేసి, అమావాస్య ఎప్పుడని అడిగింది. దగ్గర్లోనే ఉంది. నన్నూ సరోజనూ తప్పకుండా రమ్మంది.

వెళ్ళేసరికి గదిలో మూడు ఆకులు వేసి ఉన్నాయి. దొరకు ఎప్పటిలాగే బ్రెడ్డు, గుడ్లు. మునెమ్మకు ముద్ద, ఉలవచారు. మూడో ఆకులోనూ ముద్ద, ఉలవచారే. ఆ ఆకు ఎవరిదో అడగాల్సిన పని లేదు. నాకు మండింది.

"ఆయనకు ముద్దెట్ల పెడతావవ్వా? ఆయన బ్రెడ్డు తప్ప ముట్టేవాడు కాదు" అన్నాను.

"యాడో బయట తిన్నాడేమో. మా పిల్లోడు మా ఇంట్లో ముద్దే తింటాడు" అంది.

కోడలి చెయ్యి పట్టుకుని ఆకుల ఎదురుగా వచ్చి నిలబడింది. చీర కొంగు సర్దుకుంది. ఆమె ఏం చేయబోతోందో కోడలికి అప్పుడు తెలిసింది.

"అత్తా, ఆడోళ్ళు పిలవకూడదు కదా."

"ఆ వంశం మొగోళ్ళు ఉండంగా పిలవకూడదు. యాడుండారు మొగోళ్ళు? ఇన్ని దినాలూ ఆ పిల్లోడు ఉండాడని కాచుకున్నాను. ఇంగ నేనే పిలుస్తా."

ఆయన పిల్లల్లేకుండా పోవడమే ఆ ఇంటికి ఆయన చేసిన ఉపకారం.

అవ్వ కోడలి చెయ్యి వదిలింది. ఆడదాని నోట రాకూడదని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్న పిలుపు అది. అయినా పిలిచింది.

"అవ్వా, రా. నేను నీ మనవరాల్ని, గంగను. కాళ్ళు కడుక్కోని లోపలికి రా. సిగ్గుపడొద్దు, ఇది నీ ఇల్లే. కడుపునిండా తిను."

తర్వాత, "తాతా, నువ్వూ రా" అంది, అంత బతిమాలకుండా. మూడో ఆకు దగ్గర ఆగి, ఆ పిల్లోడి పేరేందని నన్ను అడిగింది. చెప్పాను. ఆ పేరు ఆమెకు నోరు తిరిగేది కాదు. దాన్ని అనడానికి ప్రయత్నించను కూడా లేదు.

"నాయనా, నువ్వు మీ అవ్వ పక్కన కుచ్చో" అంది.

కోడలు తలుపు దగ్గరికేసింది. మేమంతా బయట ఎండలో నిలబడ్డాం. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. సరోజ నా చెయ్యి పట్టుకుంటే, ఇవి మునెమ్మ కోసం, ఆయన కోసం కాదని చెప్పాను.